మత్తడి

రాత్రి రెండూ పదకొండుకు
రేగొండ అవతల ఏదో జేసీబీ
పైపు కోసం మట్టి తీస్తూ
నలభై ఎనిమిది గాజు పోగుల్ని
ఒక్క పంటితో కొరికింది.

హన్మకొండలో నా తెర మీద
ఒక గీత ఎర్రబడింది. అంతే.
పరకాలలో ఎవరి ఫోనూ మూగబోలేదు.
భూపాలపల్లిలో గని షిఫ్టు దిగిన ఓదెలు
(పేరు నేనే పెట్టుకున్నాను)
బిడ్డ జ్వరం ఎంతుందో ఇంటికి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాడు.
వెలుతురు వెనక్కి మర్లి
ములుగు మీదుగా చుట్టు తిరిగి చేరింది.
యాభై మిల్లీసెకన్లు.
రెప్పపాటుకే అంతకు ఆరింతలు కావాలి.

మా పని సక్కగా జరిగిన రాత్రి
మేమున్నట్టు ఎవరికీ తెలియదు.

పోయిన నెల హైదరాబాదు నుంచి లెక్కల సారు వచ్చాడు.
పటం మీద పెన్ను ఆనించి
"సగం దారి ఊకె పండుకున్నదేంది,
పైసలు కావా ఇవి?" అన్నాడు.
నాకు మా ధర్మారం చెరువు మత్తడి యాదికొచ్చింది.
పదేండ్లకు రెండుసార్లు దుంకుతుంది.
మిగతా దినాలు దాని బండల మీద
మిర్చి ఎండుతుంది, దుప్పట్లు ఎండుతాయి.
మబ్బు పట్టిందంటే చాలు
ఎవరివి వాళ్లు ఎత్తుకొని ఉరుకుతారు.
ఖాళీ దారి ఖాళీగా లేదు సార్,
దాని మీద సినిమాలు ఎండబోసినం,
బ్యాంకుల రాత్రి మూటలు ఎండబోసినం,
తెగిన క్షణం అవి లేచి పక్కకు జరుగుతయి
అని చెప్పాను. తలూపాడు.
అయినా మూడు దారులకున్న మూడు ఆసరాల్లో
రెండు కోసేశాడు.
"అన్నీ ఒక్కనాడే తెగుతయా?"

తెగాయి.
మూడూ నలభైకి జంగాలపల్లి దగ్గర
ఇసుక లారీ కల్వర్టు గోడను గుద్దింది.
ఆ గోడలోనే మా రెండో దారి.

భూపాలపల్లి ఒక్కసారిగా దీవి అయింది.
మిగిలింది టవరు మీది పాత రేడియో లంకె,
చెరువు పోయి చెంబు చేతికొచ్చినట్టు.
చెంబెడు నీళ్లు ఎవరి దోసిట్లో పోయాలి?
ముందు నూట ఎనిమిది.
తర్వాత దవాఖాన.
తర్వాత గని, పోలీసు స్టేషను.
పట్టిక ఎప్పుడో రాసిపెట్టి ఉంది,
నా వేలు వణకాల్సిన పని లేదు.
వణికింది.
ఓదెలు ఆ పట్టికలో ఏ వరసలోనూ లేడు.

రేగొండ గుంతలో యాకయ్య
మోకాలి లోతు బురదలో కూర్చున్నాడు,
నెత్తి మీద గొడుగు, నోట్లో టార్చి.
కొత్తవాడలో జంపఖానాలు నేసిన ఇంటి పిలగాడు.
"మా అవ్వ తెగిన పోగును
ఉమ్మితో తడిపి నులిమేది మేడం.
ఇది నులిమితే కలువది,
కాలితేనే కలుస్తది."
నలభై ఎనిమిదిట్ల ముందు రెండే అందుకున్నాడు,
పోను ఒకటి, రాను ఒకటి.
స్పిరిటుతో తుడిచి, కొస కోసి,
ఎదురెదురుగా నిలబెట్టాడు.
ఫోన్లో వింటున్నాను:
చీమ తుమ్మినంత చప్పుడు.
"సున్నా పాయింట్ సున్నా రెండు పోయింది.
ఎంత మంచి అతుకైనా
ఎంతో కొంత పోతది మేడం."

ఐదూ ఇరవై ఆరుకు గీత పచ్చబడింది.
చౌరస్తాలో పాల బండి హారన్ కొట్టింది.
మనుషులు లేచి ఫోన్లు చూసుకున్నారు,
ఉన్నాయి గనుక ఏమీ అనలేదు.

రిపోర్టు రాయాలి.
కారణం అన్న గడిలో జేసీబీ అని రాసి కొట్టేశాను.
లారీ అని రాసి కొట్టేశాను.
మత్తడి పూడ్చిన్రు అని రాసి
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మూడూ నలభైకి తెగిన ఒక మాట
సగంలోనే ఉండిపోయింది.
ఆ జ్వరం ఎంతుందో
నాకింకా తెలియదు.